తల ఊపితే చాలదు

ప్రీతికకు నగల మీద ఆశ లేదు, పెళ్లి మీద ధ్యాస లేదు. ఆశంతా ఒక స్టూలు మీదే. తిరువళ్ళూరులోని ఒక ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ జరిగేటప్పుడు, ఆపిన గుండెకు బదులు రక్తాన్ని ఒళ్లంతా తిప్పే మెషిన్ ముందుండే స్టూలు అది. ట్రైనింగులో చేరి ఏడాది దాటినా, ఆ పిల్ల దాని మీద కూర్చున్నది ఒక్కసారే. అదీ చెడగొట్టుకుంది.

"ఫ్లో డౌన్" అన్నాడు సర్జన్. ప్రీతిక తల ఊపి రక్తం వేగం తగ్గించింది. సరిగ్గానే తగ్గించింది. కానీ తెరిచిన గుండెలోకి చూస్తున్న మనిషికి ఎక్కడో ఊగే తల ఏం కనబడుతుంది? ఆయన మళ్లీ అడిగాడు, ఆపైన అరిచాడు. పని నేర్పే ద్వారకనాథ్ సార్ ఆమెను లేపి తానే కూర్చున్నాడు.

"చెప్పిన మాట తిరిగి చెప్పల్ల, చేసినాక చేసినానని చెప్పల్ల. నోరు యాడ పెట్టొచ్చినావు?" అని బయటికొచ్చాక తిట్టాడు. "అది వచ్చేదాకా స్టూలు పక్క చూడొద్దు."

నోరెక్కడిది పాపం! తిరుత్తణిలో వాళ్లిల్లంతా కరెంటు మగ్గాల మోత. అందులో అరిచినా వినబడదు గనక ఇంటిల్లిపాదికీ సరే అంటే తల ఊపడమే.

ఆ సాయంత్రం తండ్రి కుప్పయ్య మగ్గాలు ఆపగానే పట్టుకుంది. "నాయనా, ఏదన్నా పని చెప్పు. తిరిగి చెప్తా. అలవాటు కావల్ల నాకు."

కుప్పయ్యకు నవ్వొచ్చింది. "వాకిలి ముయ్యి."

"వాకిలి మూస్తాండా. మూసినాను."

"తాగేదానికి తణ్ణి తేపో."

"తణ్ణి తెస్తాండా. తెచ్చినాను."

రోజూ ఇదే ఆట. ఒకనాడు ఆమె తెచ్చిన చెంబును ఆయన తాగకుండానే కింద పెట్టాడు.

"ఏం నాయనా?"

"మీ యమ్మా నేనూ అన్నేండ్లు తలలాడించుకుంటానే బతికినాము పాపా. అది పోయినంక దాని గొంతు ఎట్లుండేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాలే."

ప్రీతిక కూడా తలుచుకుంది. అమ్మ తల ఊపినప్పుడు కదిలే కమ్మలు గుర్తొచ్చాయి, గొంతు రాలేదు. అమ్మ నోట ఒక్క మాట వినాలని ప్రాణం కొట్టుకులాడింది.

కొన్నాళ్లకు సార్ మళ్లీ స్టూలు చూపించాడు.

"ఫ్లో డౌన్."

"ఫ్లో డౌన్ సార్" అంది ప్రీతిక. గది మొత్తానికీ వినబడింది. తగ్గించి, "ఫ్లో ఈజ్ డౌన్ సార్" అంది. చివరిదాకా అలాగే పలికింది. ఆపిన గుండె మళ్లీ కొట్టుకుంది, మెషిన్ ఆపారు.

రోజూ ఎక్కే రైలు కోసం తిరువళ్ళూరు స్టేషన్‌కొచ్చి ఇంటికి ఫోన్ చేసింది. "నాయనా, కూర్చున్నా! అంతా బాగా చేసినాను!"

అవతల మగ్గాల మోత. కాసేపటికి ఒక మగ్గం ఆగింది, ఆ వెనకే ఇంకొకటి. పని మధ్యలో కుప్పయ్య మగ్గాలు ఆపడం ఆమె ఎన్నడూ ఎరగదు.

"ఇప్పుడు చెప్పు పాపా" అన్నాడు. "మొదట్నించీ చెప్పు. నీ గొంతు వినల్ల నాకు."