చప్పుడు చేయని కెనూ

ఠంగ్!

తెడ్డు అల్యూమినియం పడవ అంచుకు తగిలింది. ఆ చప్పుడు చెరువు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా పాకింది. రెల్లుపొదలోంచి గోధుమరంగు పక్షి ఒకటి దిగ్గున లేచి, రెక్కలు టపటపలాడించుకుంటూ అవతలి గట్టు దాటిపోయింది.

పడవ ముందువైపు మైకు పట్టుకుని కూర్చున్న అక్క, చెవుల మీది హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. వెనక్కి తిరగలేదు.

"అది... అదేనా?" వెనకాల కూర్చున్న తమ్ముడు నీళ్ళు నమిలాడు.

"అదే."

"మళ్ళీ వస్తుందిలే."

"నువ్వు ఇంటికెళ్ళిపోతే వస్తుంది."

అక్కది రేడియోలో ఉద్యోగం. పక్షుల కూతలు రికార్డు చేసి, వాటి కబుర్లు చెబుతుంది. ఆ కార్యక్రమం ఈ వారంతో అయిపోతోంది. చివరి భాగంలో రెల్లుకొంగ కూత వినిపిస్తానని శ్రోతలకు మాటిచ్చేసింది. రెల్లుకొంగ మెడ పైకి చాచి నిలబడిందంటే పక్కనున్నవాడికి కూడా కనబడదు. దాని ఉనికి తెలిసేది కూతతోనే. ఖాళీ సీసాలోకి ఎవరో గట్టిగా ఊదినట్టుంటుంది. అదీ గూడు కట్టేదాకానే. ఆ తర్వాత వచ్చే ఏడాదిదాకా నోరు విప్పదు.

"దొరక్కపోతే పావురంతో ముగించేద్దామమ్మా. అదీ పక్షేగా!" అన్నాడు రేడియో పెద్దసారు. అప్పట్నుంచీ అక్కకు పావురం కనబడితే ఒళ్ళు మండుతోంది.

ఒడ్డున అద్దెకిచ్చే పడవలన్నీ అల్యూమినియంవే. ఇక వేరే దారి లేదు. అక్కడికక్కడే నిర్ణయించుకుంది. సొంతంగా ఒక కెనూ కొనాలి. రెండు కొసలూ సన్నగా ఉండి, ఒక్క తెడ్డుతో నడిచే తేలికపాటి పడవ. ఏ కెనూ అయినా ఫరవాలేదు, నోరు మూసుకుని ఉంటే చాలు.

"మరి నేను?" అన్నాడు తమ్ముడు.

"నువ్వూ అంతే."

ఆ మధ్యాహ్నమే పడవల దుకాణానికి వెళ్ళారు. పెద్ద రేకుల షెడ్డు. కెనూలన్నీ గోడల పొడవునా అరల్లో బోర్లించి ఉన్నాయి. దుకాణం ఆవిడ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఎక్కడ నడుపుతారమ్మా? చెరువా, ఏరా? ఎంతమంది? ఏ రంగు కావాలి?"

అక్క నేరుగా మొదటి కెనూ దగ్గరకెళ్ళి వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించింది. పక్కదానికి వెళ్ళి మళ్ళీ తట్టింది.

దుకాణం ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "ఏంటి బాబూ, తలుపు కొడుతున్నారు?"

"లోపల ఎవరైనా ఉన్నారేమోనండీ."

అల్యూమినియం కెనూల ముందు నుంచి అక్క పాత శత్రువును చూసినట్టు మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. ఫైబర్‌గ్లాస్‌ది చూడ్డానికి నాజూగ్గా ఉంది కానీ, తట్టగానే టక్‌మని చురుగ్గా పలికింది. చెక్కది మాత్రం వీపు నిమిరినట్టు మెత్తగా మోగింది. అక్క చెయ్యి దానిమీదే ఉండిపోయింది.

"అది ఆర్డరు మీద చేయించిందమ్మా, వేరేవాళ్ళది," అంటూ చావు కబురు చల్లగా చెప్పింది దుకాణం ఆవిడ. "మీకు కావాలంటే చేయిస్తా. వచ్చే వర్షాకాలానికి చేతికొస్తుంది."

చివరి అరలో దళసరి ప్లాస్టిక్‌వి ఉన్నాయి. రెండు పొరల మధ్య నురుగులాంటిది నింపి చేసినవి. అక్క తట్టింది. దిండును తట్టినట్టుంది. ఇంకాస్త గట్టిగా తట్టింది. అయినా దిండే.

"ఒరేయ్!" అంది అక్క. ఉదయం నుంచి తమ్ముణ్ణి ప్రేమగా పిలవడం అదే మొదటిసారి.

"తొందరపడకండి. వీటిలో అడుగు చదునుగా ఉన్నది ఒకటుంది, గుండ్రంగా ఉన్నది ఒకటుంది," అంది దుకాణం ఆవిడ. "వెనకాల కుంట ఉంది. ఎక్కి చూడండి."

లైఫ్ జాకెట్లు తొడిగించి, ముందు చదును అడుగుదాన్ని నీళ్ళలోకి దింపింది.

"మంచంలా ఉందక్కా! కునుకు తీయొచ్చు," అన్నాడు తమ్ముడు కాళ్ళు బారచాపి. అక్క హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మైకును నీటి అంచుకు దించింది. చిన్న అలలు అడుగు కింద దూరి కొట్టుకుంటున్నాయి. లప్, లప్, లప్. చెవిలో పిల్లి పాలు తాగుతున్నట్టుంది.

"దిగు," అంది అక్క.

"ఇప్పుడేగా ఎక్కాం!"

తర్వాత గుండ్రటిది. రంగు వెలసిన బూడిదరంగు కెనూ. ఈసారి హెడ్‌ఫోన్స్‌లో ఏమీ లేదు. రికార్డరు ఆగిపోయిందేమోనని అక్క రెండుసార్లు చూసుకుంది. పడవ వచ్చిన సంగతి నీళ్ళకే తెలిసినట్టు లేదు. మైకు ఒళ్ళో పెట్టుకుని తనే నెమ్మదిగా తెడ్డు వేసింది.

అంతలో ఒక బాతు అడ్డొచ్చింది.

తమ్ముడిది డ్రైవింగ్ స్కూలు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ పట్టుకుంటే, పక్కన కూర్చుని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకోవడం వాడి పని. వాడి కాలి కిందా ఒక బ్రేకు ఉంటుంది. ఆ బ్రేకు తొక్కీ తొక్కీ వాడి కుడికాలు మెదడును అడగడం మానేసింది.

"బాతు!" అని అరుస్తూ దబ్బున తొక్కాడు.

కెనూ ఒక పక్కకు ఒరిగింది. అక్క చెయ్యి మోచేతిదాకా నీళ్ళలో మునిగింది. మైకును మాత్రం తల కంటే పైకెత్తి పట్టుకుంది. పడవ రెండో పక్కకు ఊగింది. తమ్ముడికి పైప్రాణాలు పైనే పోయాయి. కూర్చున్న చోటి నుంచి జారి, రెండు అంచులూ పట్టుకుని మోకాళ్ళ మీద పడ్డాడు.

పడవ కుదురుకుంది. బాతు తన దారిన తను పోయింది.

"వద్దక్కా ఇది. ఆ మంచమే కొనుక్కుందాం."

"ఆ లప్‌లప్ వింటే కొంగ ఉంటుందా? నువ్విలా తొక్కితే మనం ఉంటామా?" అక్క తడిసిన చెయ్యి విదిలించింది. "పావురమే గతి."

తమ్ముడు లేచి కూర్చోబోయాడు.

"ఆగు. లేవకు," అంది అక్క ఉన్నట్టుండి.

"లేద్దామన్నా ధైర్యం ఎక్కడుంది?"

"అటూ ఇటూ ఊగు."

"నాతో ఏమైనా పాత కక్షలున్నాయా?"

"ఊగరా!"

ఊగాడు. కెనూ కొద్దిగా వాలి, మళ్ళీ తనే సర్దుకుంది. అక్క తెడ్డేసి పడవను తిన్నగా కుంటగట్టు మీదికి పోనిచ్చింది. తమ్ముడి కుడికాలు తన అలవాటు మానలేదు. కానీ పాదం వెనక్కి ఉంది. బూటు మొన గాల్లో ఒక్కసారి కదిలింది, అంతే. తొక్కడానికి అక్కడేమీ లేదు.

అక్క పగలబడి నవ్వింది.

"అసలు కెనూ నడిపేది అలాగేనమ్మా," అంది గట్టు మీంచి దుకాణం ఆవిడ. "మోకాళ్ళ మీదుంటే బరువు కిందికి దిగుతుంది. పడవ నిలబడుతుంది."

"ముందే చెప్పొచ్చు కదండీ!" తమ్ముడు ఉడుక్కున్నాడు.

"కొనేవాళ్ళు సీటు మెత్తగా ఉందా అనే అడుగుతారు బాబూ. మోకాళ్ళ గురించి ఎవరడుగుతారు?"

అంతా కుదిరిందనుకునేసరికి రంగు దగ్గర చిక్కొచ్చింది. ఈ బూడిదరంగుది చూపించడానికే తప్ప అమ్మడానికి కాదు. ఇదే రకంలో దుకాణంలో మిగిలింది ఒక్కటి. దాన్ని బయటికి లాగగానే అక్క కళ్ళు మూసుకుంది. పండుమిరప ఎరుపు.

"ఆకుపచ్చది?"

"వచ్చే నెల."

వచ్చే నెలకు కొంగ గూట్లో ఉంటుంది. రేడియోలో పావురం ఉంటుంది.

తమ్ముడి ఫోను మోగింది. భార్య. విషయం విని స్పీకరు పెట్టమంది.

"వదినా, ఎరుపే తీసుకోండి. చెరువులో ఎక్కడున్నారో గట్టు మీంచే కనబడుతుంది."

"కొంగకూ కనబడుతుందే!"

"కనబడనీండి. ఆయనకి ఈత రాదు, వెతకడానికి నాకు ఓపిక లేదు."

అక్క ఆ ఎర్రటి కెనూ చుట్టూ ఒకసారి తిరిగింది. ఆకుపచ్చ గుడ్డ కప్పితే? గాలికి అది రెపరెపలాడుతుంది. మళ్ళీ చప్పుడు. కళ్ళు మూసుకుని పడవను ఇంకోసారి తట్టింది. దిండు.

"ఇదే ఇవ్వండి," అంది.

మర్నాడు తెల్లవారుతుండగా కెనూ నీళ్ళలోకి దిగింది. తమ్ముడు మడతపెట్టిన దుప్పటి మీద మోకాళ్ళూని కూర్చున్నాడు. సగం దూరం వెళ్ళాక తెడ్డు పడవ అంచుకు తగలనే తగిలింది. ఇద్దరూ బిగుసుకుపోయారు. పరుపు మీద చెయ్యి పడ్డంత చప్పుడు. రెల్లులో ఆకు కూడా కదల్లేదు.

పొదల్లోకి పడవను జొనిపి ఆపారు. అక్క చెవులు రిక్కించి కూర్చుంది. కప్ప ఒకటి దూకింది. పొద్దు పైకొచ్చింది. ఎండ మెల్లగా రెల్లు కొసల మీదికి దిగింది. ఏమీ లేదు. ఇంత ఎర్రటి వస్తువును పక్షి ముందుకు తెచ్చి పెట్టి కూత కోసం చూస్తున్నందుకు అక్క తనను తానే తిట్టుకుంది.

అప్పుడు స్ఫురించింది. వెనక నుంచి మాటే లేదు. తమ్ముడు ఇంతసేపు మాట్లాడకుండా ఉండటం పుట్టాక ఇదే మొదటిసారి. నిద్రపోయాడా?

బూం.

ఒళ్ళో ఉన్న రికార్డరు మీద సూది చివరిదాకా ఎగిరింది. అక్క చటుక్కున శబ్దం తగ్గించింది. ఇంత దగ్గరా! మెడను కొద్దికొద్దిగా వెనక్కి తిప్పింది.

తమ్ముడి భుజానికి మూరెడు దూరంలో, నీళ్ళలో నిలబడి ఉంది రెల్లుకొంగ. ముక్కు ఆకాశం వైపు ఎత్తి, తనూ ఒక రెల్లుదుబ్బేనన్నట్టు నటిస్తోంది. తమ్ముడు దాన్నే గుడ్లప్పగించి చూస్తున్నాడు. మోకాళ్ళు తిమ్మిరెక్కి మొహం కందగడ్డలా అయింది. నుదుటి మీద ఈగ నడుస్తోంది. తోలలేదు.

కొంగ గొంతు తిత్తిలా ఉబ్బించింది. బూం. ఇంకోసారి. ఎక్కడో దూరపు పొదలోంచి రెండోది బదులిచ్చింది. మైకు అన్నీ మింగింది.

ఎంతసేపటికో కొంగ ఒక్కో అడుగే వేసుకుంటూ రెల్లులోకి వెళ్ళిపోయింది. తమ్ముడు పడవలో పక్కకు ఒరిగి, రెండు చేతులతో కాళ్ళు ముందుకు లాక్కున్నాడు.

"పడిందా అక్కా?" గుసగుసగా అడిగాడు.

అక్క తన హెడ్‌ఫోన్స్ తీసి తమ్ముడి చెవులకు తగిలించి మీట నొక్కింది. వాడి కనుబొమలు మెల్లగా పైకి లేచాయి. ఎదురుగా పొదలు ఖాళీగా ఉన్నాయి. వాడు మాత్రం అటే చూస్తూ, తల ఒక పక్కకు వాల్చి, చివరిదాకా విన్నాడు.

"మళ్ళీ పెట్టు," అన్నాడు.