గోరు మీద నల్ల టేపు

ఇవాళ్టికి ఎలాగో గడవనీ, తర్వాత సరిచేద్దాం అని ఎన్ని పనులు పక్కన పెట్టావు? చెప్పలేవు. పైగా నీ వల్ల ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదని ధీమా. కాలేదు కాబట్టి నువ్వు మంచివాడివైపోవు. కూర్చో. నీలాంటివాడి సంగతే చెబుతాను.

అట్టపెట్టెల కార్ఖానాలో అతను వైరింగ్ మేస్త్రీ. పని చేతకానివాడు కాదు, అదే బాధ. ఒకప్పుడు ఆ షెడ్డులో ప్రతి స్విచ్చికీ, ప్రతి మోటారుకీ ఒక్కో తీగ కంట్రోలు గది దాకా పోయేది. తొడంత లావు కట్ట. అందులో ఏ తీగ తెగిందో వెతకడానికే ఒక పూట పట్టేది. మేస్త్రీ ఆ కట్టనంతా పీకించి, ప్రతి యంత్రం పక్కనా అరచేతంత పెట్టె బిగించాడు. యంత్రం తీగలన్నీ ఆ పెట్టెలోకే. పెట్టెల నుంచి కంట్రోలు గదికి ఒక్కటే నెట్‌వర్క్ కేబుల్. తలుపు మూసి ఉందనీ, రోలరు వేడెక్కిందనీ పెట్టె చెబుతుంది. ఆగమనీ, తిరగమనీ కంట్రోలు గది కంప్యూటరు చెబుతుంది. మాటలన్నీ ఆ సన్నటి కేబుల్ మీదే.

పెట్టె బిగించినవాడి గోళ్లలో దాని దీపాలు వెలగడం మామూలే. మేస్త్రీ గోళ్లూ వెలిగేవి. కరెంటు పోయినప్పుడు అతని భార్య ఆ చెయ్యి పట్టుకుని వంటగదిలో అగ్గిపెట్టె వెతుక్కునేది. "కాస్త ఇటు తిప్పండి. ఆ రోలరు వేలు ముడవండి, కళ్లలో పడుతోంది" అని విసుక్కునేది.

ఎడమచేతి ఉంగరపు వేలు అట్టలు నొక్కి కోసే ప్రెస్సు తలుపుది. తలుపు మూసి ఉందని కంప్యూటరుకు తెలిసినంతసేపూ ఆ గోరు ఆకుపచ్చగా వెలిగేది. తలుపు తీస్తే బొగ్గులా నల్లబడేది, ప్రెస్సు ఆగేది. ఆ ప్రెస్సు నడిపేది మేస్త్రీ సొంత చెల్లెలు. అట్ట ఇరుక్కుని ప్రెస్సు బిగుసుకుపోయినప్పుడల్లా తలుపు తీసి, కంట్రోలు గది కిటికీ వైపు తిరిగి కేకేసేది.

"అన్నయ్యా, వేలు!"

అతను వేలెత్తేవాడు. అట్ట ఊడగానే ప్రెస్సు మళ్లీ కదలొచ్చు కనుక, గోరు నల్లగా కనబడితేనే ఆమె లోపల చెయ్యి పెట్టేది. ఆరేళ్లుగా అదే పద్ధతి.

ఒక వారం ప్రెస్సు ఊరికూరికే ఆగడం మొదలైంది. తలుపు మూసే ఉంది, గోరు మాత్రం మిణుకుమిణుకుమంటోంది. ఎందుకో మేస్త్రీకి తెలుసు. అప్పట్లో తలుపు స్విచ్చి నుంచి పెట్టెకు తీగ చాలకపోతే, కొత్తది తెచ్చే ఓపిక లేక మధ్యలో అతుకు వేశాడు. ప్రెస్సు అదురుకు ఆ అతుకు వదులైంది. కొత్త తీగ లాగాలంటే సగం రోజు ప్రెస్సు ఆపాలి.

మేనేజరు వచ్చి నిలబడ్డాడు. "పొద్దున్నుంచి ఇది ఇరవై మూడోసారి. ఒకే కేబులు, ఒకే కేబులని ఊదరగొట్టావు. ఆ పాత కట్టే నయం కదయ్యా!"

ఆ మాట గుచ్చుకుంది. అతుకు నాదే సార్ అంటే ఒక్క తిట్టుతో పోయేది. అనలేదు. "సాయంత్రానికి ఆగకుండా చేస్తాను సార్" అన్నాడు.

చేశాడు. తీగ ఏం చెప్పినా వినొద్దనీ, తలుపు ఎప్పుడూ మూసే ఉందనుకోమనీ కంప్యూటరుకు ఆజ్ఞ ఇచ్చాడు. ప్రెస్సు ఆగడం మానేసింది. గోరు ఆరడం మానేసింది.

చెల్లెలికి తెలిస్తే ఆ ప్రెస్సు ముట్టదు. అందుకని నల్ల టేపు ముక్కను గోరంత కత్తిరించి, వెలుగు బయటికి రాకుండా అంటించాడు. ఆమె పిలిచినప్పుడల్లా ముందు తన బల్ల మీది స్టాప్ బటన్ నొక్కి, ఆ తర్వాత వేలెత్తితే సరిపోతుందనుకున్నాడు. ఎలాగూ ఆదివారం కొత్త తీగ లాగేస్తాడు కదా!

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెల్లెలు అడిగింది. "ఆ చెయ్యి జేబులోంచి తియ్యవేం? వదినకి తెలియకుండా ఏం కొనుక్కున్నావు?"

"నీకెందుకే, తిను."

"రాత్రికి వదిన జేబులు వెతుకుతుందిలే" అని నవ్వింది.

అతనూ నవ్వాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఎవడికీ దొరకదు. ముద్ద మింగి ఊరుకున్నాడు.

రెండు రోజులు నొక్కాడు, ఎత్తాడు. మూడో రోజు మేనేజరు వచ్చి భుజం తట్టాడు. "చూశావా, తలుచుకుంటే అయిందా లేదా?"

మేస్త్రీ మొహం విప్పారింది. మేనేజరు వైపు తిరిగి, అతుకు ఊసెత్తకుండా తన పనితనం వివరించడం మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, వేలు!"

ఆరేళ్ల అలవాటు. మాట ఆపకుండా వేలెత్తాడు. బటన్ నొక్కలేదు.

నల్లటి గోరు చూసుకుని ఆమె లోపల చెయ్యి పెట్టింది.

కుడిచేతికి మూడు వేళ్లు పోయాయి.

ఆ సాయంత్రమే అతను ఆజ్ఞ తీసేశాడు, కొత్త తీగ లాగాడు. తలుపు తీస్తే ప్రెస్సు బుద్ధిగా ఆగింది. టేపు పీకి చూసుకుంటే గోరు మాత్రం ఆకుపచ్చగానే ఉంది. మర్నాడూ అంతే. మొదలంటా కత్తిరించాడు. కొత్త గోరు వెలుగుతూనే పుట్టుకొచ్చింది.

కార్ఖానా వాళ్లు వెళ్లగొట్టారు. వేరేచోట పని అడిగితే, ముందుగా ఎడమ చెయ్యి చూపించమనేవారు. వేళాపాళా లేకుండా వెలిగే గోరు ఏం చేసిందో ఆ పనిలో ఉన్నవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. తీగలు పట్టిన చేత్తో చిత్తు అట్టల మోపులు మోశాడు.

అదీ పెద్ద శిక్ష కాదు. నెలకోసారి చెల్లెలి ఇంటికి వెళ్లేవాడు. ఆమె ఎడమచేత్తో తలుపు తీసేది. తిట్టేది కాదు, ఏడ్చేది కాదు.

"వేలు చూపించు అన్నయ్యా."

చూపించేవాడు.

"తలుపు మూసి ఉందంటోందిగా" అని, అతని మొహం మీదే మూసేసేది.

పంతొమ్మిదేళ్లు వెళ్లాడు. ఒక్కసారీ గడప దాటలేదు.