చేతుల తనిఖీ

మా ఆయన కాలికి ఆనెకాయ లేచింది. కొత్త కిర్రుచెప్పులు ఒరుసుకుని చిటికెన వేలి పక్కన జొన్నగింజంత గట్టిపడింది. కత్తితో కోస్తానంటే నేనే ఆపాను. కత్తి పెడితే చీము పడుతుంది. ఉప్పేసిన వేడినీళ్లలో పాదం నానబెట్టాలి, మెత్తబడ్డాక గరుకురాయితో పైపైన రుద్దాలి, ఆముదం రాసి వేళ్ల మధ్య దూది పెట్టాలి. రోజూ చేయాలి. ఆ చేసేది నేనేనని వేరే చెప్పాలా? నా ఒళ్లో పాదం పెట్టి, "జర మెల్లగ. నీ చెయ్యేందే గింత గరుకుంది?" అని విసుక్కునేవాడు.

గరుకని ఆయనకు తెలుసు, ఎందుకు గరుకో ఏనాడూ తిప్పి చూడలేదు. నా అరచేతుల్లో ఉన్నవి ఆనెకాయలు కావు, పనికి కాసిన కాయలు. ఆనెకాయకు లోపలికి దిగిన మొన ఉంటుంది, నొక్కితే ప్రాణం లేచొస్తుంది. ఈ కాయలు ఊరికే పరుచుకుని మొద్దుబారి ఉంటాయి. నొప్పి లేదు గనక వాటికి వైద్యమూ లేదు, వాటి ఊసూ లేదు. మా అత్త మాత్రం ఒకసారి చూసి, "కోడలి చెయ్యి గట్లనే ఉంటది తియ్యి" అంది.

రజాకార్లు పోయి యూనియన్ మిలిట్రీ వచ్చిన మరుసటేడు, దొరల మీద తుపాకీ పట్టిన సంగమోళ్ల కోసం ఊరూరా గాలించారు. ఒక పొద్దున కేతేపల్లి వైపు నుంచి లారీల్లో జవాన్లొచ్చి మమ్మల్నందరినీ చావడి ముందుకు తోలారు. జమేదారు ఒక్కొక్కరి చేతులూ పట్టి చూస్తున్నాడు. తుపాకీ పట్టిన చేతికి కాయ కాస్తుందని అతని నమ్మకం. అనుమానం వస్తే లారీ పక్కన నిలబెడుతున్నారు. అలా లారీలో మిలిట్రీ క్యాంపుకు పోయినవాళ్లు కొందరు తిరిగి రాలేదని మాకందరికీ తెలుసు. కూలి చేసుకునే ఆడవాళ్ల మొగుళ్లు "నాట్లేస్తది, కలుపు తీస్తది" అని చెప్పి తమవాళ్లను విడిపించుకున్నారు.

నా వంతు వచ్చింది. జమేదారు నా అరచేయి విప్పి బొటనవేలితో నొక్కి నొక్కి చూశాడు. పెళ్లయ్యాక నా చేతిని అంత శ్రద్ధగా చూసిన మొదటి మగవాడు అతనే. చెప్పుకోవడానికే సిగ్గు. ఉర్దూలో ఏదో అడిగాడు. పోలీసు పటేలు దుర్గయ్య మా ఆయన వైపు తిరిగాడు.

"రఘుపతీ, నీ పెండ్లాం ఏం పని జేస్తదని అడుగుతుండు."

మా ఆయన మీసం సవరించుకున్నాడు. "మా ఇంటి ఆడోళ్లు పని జేసుడేంది పటేలా? ఏం జెయ్యది. ఇంట్ల ఊకెనే ఉంటది."

అబద్ధమాడానని ఆయన అనుకోలేదు. ఇంటి పరువు నిలబెట్టాననుకున్నాడు. పని చేయకుంటే ఈ కాయలెక్కడివన్నాడు జమేదారు. ఒక జవాను నన్ను లారీ వైపు నెట్టాడు. మా ఆయన ముఖం పాలిపోయింది, నోరు మాత్రం పెగల్లేదు. ఏ కాయ దేనివల్ల కాసిందో తెలిస్తే గదా చెప్పడానికి! ఆ క్షణాన మిలిట్రీ మీద కంటే ఆయన మీదే నా ఒళ్లు మండింది.

నేనే అరిచాను. "పటేలా, గాయనకు చెప్పు. గిది ఇసుర్రాయిది. గిది రోకలిది. గీ వేళ్ల మొదట్ల ఉన్నయి చేంతాడుయి. నమ్మకుంటె ఇసిరి చూపిస్త."

పక్కింటి విసుర్రాయి తెప్పించారు. ఊరందరి ముందూ కూర్చుని జొన్నలు విసిరాను. జమేదారు వంగి చూశాడు. పిడి సరిగ్గా కాయ మీదే ఆనింది. పొమ్మని చెయ్యి ఊపాడు.

మా ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "గిన్ని పనులు జేస్తవని నాకు ముందుగాల్నే చెప్పొద్దా?" అన్నాడు.

"నువ్వు అడగొద్దా?" అన్నాను.

లారీ పక్కన కురుమల బీరమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె మొగుడు బీరప్పను రజాకార్లు చంపారు. ఆమె పని గురించి చెప్పే మనిషి లేడు. వెనక్కి తిరిగాను.

"మనకెందుకే? పా, వంట గావాలె" అన్నాడు మా ఆయన. నేను ఆగలేదు.

బీరమ్మ కుడిచేయి పట్టుకున్నాను. చల్లగా ఉంది. చూపుడువేలి పక్కన, నడిమి కణుపు మీద, గట్టి కాయ. ఆ చేతిని జమేదారు ముందు పెట్టాను. "గిది గూడ రోకలిదే దొరా. రోజు దంచితె గిట్లనే అయితది."

జమేదారు పటేలు వంక చూశాడు. పటేలు మా ఆయన వంక చూశాడు. మా ఆయన అన్నీ తెలిసినవాడిలా తల ఊపాడు.

బీరమ్మను వదిలేశారు.

రోకలి అక్కడ తగలదు. ఆ సంగతి నాకు తెలుసు, బీరమ్మకు తెలుసు. చావడి ముందున్న మగవాళ్లలో ఒక్కడికీ తెలియదు.