మొదటి ఫారం ఆఖర్న

నాలుగో ఫారం కట్ట సగానికి వచ్చింది. కన్నమ్మ వెదురుబద్దతో మడత మీద ఒక్క రుద్దు రుద్ది, కాగితం తిప్పి, మళ్ళీ మడిచి, మళ్ళీ రుద్దింది. మూడు మడతలకి పదహారు పేజీలు, అదే ఒక ఫారం. ఆవిడకి అక్షరాలు రావు. అంకెలు వస్తాయి గనక ఏ పేజీ తరవాత ఏ పేజీయో, ఏది తలకిందులుగా పడిందో చిటికెలో చెప్పేస్తుంది. సన్నటి మనిషి. కుడి బొటనవేలి గోరు అరిగి అరిగి ఆ బద్దలాగే తయారయింది. పంటి కింద ఎప్పుడూ ఒక చుట్ట. కాగితాల మధ్య వెలిగించకూడదని యజమాని హుకుం కాబట్టి పొద్దున్న పెట్టుకున్నది సాయంత్రం దాకా వస్తుంది.

ఆ ప్రెస్సు బరంపురంలోని గోసాని నువాగాంలో ఉంది. ఒడియావాళ్ళ కొత్త రాష్ట్రం వచ్చాక బోర్డు తెలుగు, ఒడియా రెండు లిపుల్లో రాయించారు. రెంటిలోనూ తలో తప్పు. అచ్చాఫీసు బోర్డు కదా, తప్పుంటుందని ఎవరూ అనుకోలేదు.

ఈ వారం పిల్లల నవల. రంగూను, అంటే ఇక్కడి వాళ్ళ నోట్లో రంగం, బాంబులకి కూలుతుంటే ఒక పిల్ల కొండలూ అడవులూ నడిచి మన దేశం చేరిన కథ. "పిల్లలు బొంగరాలు కొంటారు గాని పుస్తకాలు కొంటారా?" అంటూనే యజమాని సోమేశ్వరరావు అచ్చుకి ఒప్పుకున్నాడు.

కంపోజిటరు బాబూరావు నోట 'రంగం' అన్న మాట విన్న రోజే కన్నమ్మ అతన్ని పట్టుకుంది. ఫారానికో పేజీ చదివి వినిపించాలి.

"నువ్వు సూడని రంగమా, కన్నమ్మప్పా?"

"నాను సూసింది నాకు తెలుసు. ఆ రాసినావిడేటి సూసిందో సెప్పు."

కన్నమ్మ చూసింది బియ్యం మిల్లు, మిల్లులో మొగుడు, ఒక్క బాంబుతో రెండూ లేకపోవడం. ఆ తరవాత కూతురి చెయ్యి పట్టుకుని నడక, దొరికింది ఒక్క ఉల్లిపాయైనా ఇద్దరికీ చెరిసగం. కూతురికి తొమ్మిదేళ్ళు, పేరు ముసలమ్మ. అత్తగారి పేరు పెట్టక తప్పలేదు. కొండలు దిగాక రేవులో జనం తోసుకుంటే చెయ్యి జారింది. పిల్ల పడవలో, తల్లి ఒడ్డున. నాలుగు రోజులకి చిట్టగాంగు శిబిరంలో ఒక ఒడియా ఆయన వచ్చీరాని తెలుగులో, "నీ పిల్లని కోడలా తీసుకెళ్ళారు" అన్నాడు. ఏ ఊరని అడిగితే మళ్ళీ అదే మాట అన్నాడు. పాపం, అడిగింది అర్థం కాలేదనుకుంది.

శరణార్థుల రైలు ఆవిణ్ణి బరంపురంలో దింపింది. అప్పట్నుంచి నాలుగేళ్ళుగా ఎరగని అల్లుడికి మొహం అల్లుకుంటోంది. ఆ అత్త పిల్లకి కడుపునిండా పెడుతోందా అని బెంగ. వీధిలో పెళ్ళి ఊరేగింపు వెళ్తే మడత మధ్యలో వదిలేసి పల్లకీలోకి తొంగిచూసి వచ్చేది. ఏ పెళ్ళికూతురూ ముసలమ్మ కాదు.

మధ్యాహ్నానికి కడపటి కట్ట వచ్చింది. పుస్తకానికి మొదటి ఫారం ఆఖర్న అచ్చవుతుంది. పేరూ, ముందుమాటా అన్నీ అందులోనే. సిరా ఆరని కాగితం ఒకటి కన్నమ్మ బాబూరావుకి చాపింది.

"ఇది కత కాదప్పా, ముందుమాట. రాసిన పంతులమ్మ సొంత గోల."

"గోలే సదువు."

అతను చదివాడు. "ఈ పిల్ల మా బళ్ళోనే చదువుతోంది. అసలు పేరు పెడితే చదివే పిల్లలు నవ్వుతారని పద్మావతి అని మార్చాను. ఒంటరిగా పడవ దిగిన ఈమెను ఒక వర్తకుల కుటుంబం తమతోపాటు కొడల తీసుకువచ్చింది..."

కన్నమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

"ఏటన్నావు? కోడలా?"

"కోడలు కాదే, కొడల! ఊరు. మన సందు మొగలోంచే రోజూ బస్సెల్తాది. కొడల, కొడలని కండక్టరు గొంతు సించుకుంటాడు. నీకేటి, సెవుడా?"

చెవుడు కాదు. నాలుగేళ్ళుగా ఆ అరుపు వింటూనే ఉంది. వీధిలో వంద అరుపులు.

"నవ్వుతారేటి, ఆ పేరుకి?" అంది.

"ఏ పేరుకి?"

కన్నమ్మ లేచి, ఒళ్ళో కాగితప్పీలికలు దులుపుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు సోమేశ్వరరావు. "కట్ట అలాగే ఉందే!"

"కొడల, బాబూ." ఊరి పేరుగా ఆ మాట ఆవిడ నోటికి కొత్త.

"రేపొస్తావా?"

"అది ఉండమంటే రాను. నన్నెరగనంటే వొస్తాను."

సందు మొగలో కదిలిపోతున్న బస్సుకి చెయ్యెత్తింది. ఆగింది.

మర్నాడు కన్నమ్మ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు గూట్లోంచి వాసన వస్తుంటే, ఆవేళ కన్నమ్మ తినకుండా వదిలెళ్ళిన సత్తు గిన్నె బాబూరావు దించి గుడ్డ ముడి విప్పాడు. పులిసిపోయిన గంజన్నం మీద, సరిగ్గా చెరిసగంగా కోసిన ఒక ఉల్లిపాయ.