పడవ ముందుబల్ల

మా ఆయన మీద నాకు అనుమానం పుట్టింది కవళ్ళ చేపల పులుసు దగ్గర. ఊహ తెలిసినప్పట్నుంచీ చేప లేనిదే ముద్ద దిగని మనిషి, కంచంలో చేపముక్క పక్కకి జరిపి, "సారుంటే పొయ్యి" అన్నాడు. అలా ఒకరోజా రెండ్రోజులా, వారం. ఒంట్లో బాగాలేదా అంటే బాగుందంటాడు. ఆకలి లేదంటాడు. పల్లెకారింట పుట్టినవాడికి పులుసు ముందు ఆకలి లేకపోవడమేమిటి? ఎవరింట్లోనో తినేసి వస్తున్నాడనుకున్నాను. మీరైతే ఏమనుకుంటారు?

మా ఆయన పేరు కూర్మయ్య. కళింగపట్నానికి ఎడంగా, వంశధార సముద్రంలో కలిసేచోట, ఒక పాయకి అవతల ఇసకదిబ్బ మీద ఉంటుంది మా పల్లి. దిబ్బలపేట అంటారు. నూట ఇరవై గడప. హైస్కూలు, బస్సు, మందుల షాపు, అన్నీ ఎదరొడ్డున. మధ్యలో మా ఆయన పడవ తప్ప దారి లేదు. పాయలో నీళ్ళు తక్కువ, ఇంజను పెడితే ఇసకలో దిగబడుతుంది. అందుకని ఆయన వెనక నిలబడి గెడతో తోస్తాడు. ముప్పై ఏళ్ళ నుంచీ ఆ గెడే మాకు కూడు పెడుతోంది. వరదొచ్చి వెళ్ళినప్పుడల్లా ఇసక తిన్నెలు చోటు మారతాయి. వలలు కట్టే కర్రలు ఎవడికి తోచినచోట వాడు పాతుకుంటాడు. నిన్నటి దారి ఇవాళ ఉండదు, చూసుకుని తొయ్యాలి.

ఇక కుమారి. ఆయనకి మరదలి వరస, నాకు చెల్లెలు వరస. మొగుడు గోవింద్ ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద ఉంటాడు. ఇది అల్యూమినియం బేసిన్‌లో చేపలు పెట్టుకుని రోజూ ఏడింటి పడవ మీద దాటి, ఆ పక్క ఊళ్ళు తిరిగి అమ్ముకొస్తుంది. మనిషి బాగుంటుంది. అబద్ధమెందుకు చెప్పాలి, బాగుంటుంది.

పక్కింటి మరిడమ్మ ఒకనాడు నీళ్ళకొచ్చి బిందె దించకుండానే మొదలెట్టింది.

"ఒలే నారాయణమ్మా, మీ ఆయన పడవలో ముందుబల్ల ఆ కుమారికి రాసిచ్చీసినాడేటి? నిన్న నాను కూకుంటే లేపీసినాడు."

"మోకాళ్ళు నొప్పులని సెప్పలేకపోనావా?"

"సెప్పినాను. అయినా లేపీసినాడు."

మర్నాడు ఏదో పని కల్పించుకుని నేనూ పడవెక్కాను. ముందుబల్ల మీద కుమారి, ఒళ్ళో బేసిన్. ఒడ్డు దాటగానే వేలి ఉంగరంతో ఆ బేసిన్ అంచు మీద కొట్టడం మొదలెట్టింది. ఊరికే కాదు. కాసేపాగి ఒకసారి, ఇంకాసేపాగి రెండుసార్లు. కొట్టినప్పుడల్లా మా ఆయన తలూపుతున్నాడు. పడవలో పాతికమంది ఉన్నారు, పెళ్ళాన్ని నేనున్నాను, ఆయన మొహం మాత్రం దానివైపే. నా ఒళ్ళు మండిపోయింది. ఆ రోజునుంచి రెండు నెలలు పోలీసులు కాపు కాసినట్టు కాశాను.

కార్తీకంలో ఒకనాడు శ్రీకూర్మం వెళ్ళొస్తాను, మొక్కుంది అన్నాడు. పడవ అన్నగారి కొడుక్కి అప్పజెప్పి వెళ్ళాడు. పొద్దువాలే వేళకి ఉత్త చేతులతో వచ్చాడు. ప్రసాదం లేదు, కొబ్బరిచెక్క లేదు. అడిగితే "మర్సిపోనాను" అన్నాడు. ఆ స్వామి పేరే పెట్టుకున్నవాడు ఆ స్వామి ప్రసాదం మర్చిపోతాడా? మూడోనాడు మరిడమ్మ మళ్ళీ వచ్చింది.

"శ్రీకాకుళం బస్సు కాంప్లెక్స్ కాడ సూసినానే ఇద్దర్నీ. సెయ్యట్టుకుని రోడ్డు దాటిస్తన్నాది."

"ఎవులు, ఎవుల్ని?"

"కుమారి. మీ ఆయన్ని."

పెళ్ళయి ముప్పై ఏళ్ళు. ఒక్కనాడు నా చెయ్యి పట్టుకుని వీధి దాటలేదు. ఈ మనిషి చెయ్యిజారిపోతే నాకింకెవరున్నారు? పిల్లలా లేరు, అమ్మగారిల్లు ఏనాడో సముద్రంలో కలిసిపోయింది.

మర్నాడు ఏడింటికి రేవుకి వెళ్ళాను. పడవ నిండుతోంది. హైస్కూలు పిల్లలు, మరిడమ్మ, అవతల బడిలో పాఠాలు చెప్పే మా పల్లి గిరిబాబు మాస్టారు, ఇంకో పదిమంది. కుమారి ముందుబల్ల మీద కాలు పెట్టబోతోంది. నేను బేసిన్ లాగి ఇసకలోకి విసిరేశాను. చేపలు చెల్లాచెదరైపోయాయి. తర్వాత నోరు పారేసుకున్నాను. ఏమేమన్నానో ఇక్కడ చెప్పను, నాకే సిగ్గు. నా నోరు దిబ్బలపేటలో ఎలాంటిదో అందరికీ తెలుసు, ఆ రోజు అంతకి నాలుగింతలు విన్నారు.

కుమారి వంగి చేపలు ఏరుకుంది. ఏరుకుంటూ మా ఆయనతో మెల్లిగా అంది, "బావా, ఇయ్యాల పడవ తియ్యకు. రేపు తీద్దువుగాని."

"ఏం, నువ్వు నేకపోతే పడవ కదల్దేటి?" అన్నాను.

ఆ మాట ఆయనకి తగిలింది. చివాల్న గెడ ఎత్తి ఒడ్డుకి పోటు పెట్టాడు. నేను వెళ్ళి ముందుబల్ల మీద కూర్చున్నాను. గెలిచాననుకున్నాను.

పాయ మధ్యకొచ్చాక పడవ నెమ్మదించింది. వెనకనుంచి ఆయన గొంతు, ఎప్పుడూ లేనంత మెత్తగా, "నారాయణమ్మా, ఎదర ఏటున్నాది?"

"ఏటుంటాది, నీళ్ళున్నాయి" అన్నాను, తల తిప్పకుండా.

నాలుగు పోట్లు పడ్డాయో లేదో ఎదురుగా వలకర్రలు. పొడవాటివి, పిల్లాడికైనా కనబడతాయి. పడవ తిన్నగా వాటి మీదికే పోతోంది. "కర్రలు" అని కేక పెట్టాను. ఆయన తోశాడు, కానీ తప్పు పక్కకి. పడవ కర్రని రాసుకుంటూ పోయి తిన్నెకి గుద్దుకుంది. ఒక పక్కకి ఒరిగింది. పిల్లలు గొల్లుమన్నారు. గిరిబాబు మాస్టారు నీళ్ళలో పడ్డాడు. మొలలోతే కాబట్టి లేచి నిలబడ్డాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. తిట్టడానికే తిరిగాను. ఆయన నావైపు చూడటం లేదు. మాస్టారు పడిన వైపూ చూడటం లేదు. ఖాళీ నీళ్ళకేసి మొహం పెట్టి, చెవి ఒగ్గి, ఎవరైనా ఏదైనా చెబుతారేమో అని నిలబడ్డాడు.

పక్కకి జరిపిన చేపముక్క, అందులో ముళ్ళు. కాంప్లెక్స్ దగ్గర పట్టుకున్న చెయ్యి. బేసిన్ మీద ఒకటి, రెండు. ఒక్కసారిగా నాకు అన్నీ తెలిసిపోయాయి.

మాస్టారు పడవెక్కి, "పెళ్ళాం ఎక్కితే పడవక్కూడా బయమే కాబోలు" అన్నాడు. అందరూ నవ్వారు. మొగుడూ పెళ్ళాల గొడవలో గెడ తప్పిందనుకున్నారు. ఎవరికీ తెలియలేదు. తెలిస్తే ఈ నడి పాయలో పిల్లలు హడలిపోతారు, పడవ తిరగబడుతుంది. నాకున్నదల్లా నోరే. దాన్నే వాడాను.

"కళ్ళు నెత్తికెక్కినాయేటి? ఎడం పక్కకి తొయ్యి. ఎడమంటే ఎడమే, ఎన్నిసార్లు సెప్పాల నీకు? సాలు, ఆపు. ఇప్పుడు తిన్నగా పోనీ. ఇదిగో కుడిపక్కన కర్రున్నాది, దాన్ని కూడా ముద్దెట్టుకుంటావేటి? ఎడమకి తిప్పు."

జనం ముసిముసిగా నవ్వుకుంటున్నారు, కూర్మయ్య పని ఇవాళ అయిపోయిందని. నేను తిడుతూనే ఉన్నాను. తిట్టుకో తోపు, తోపుకో తిట్టు. పడవ ఎదరొడ్డుకి ఆనేదాకా ఆగలేదు. ఆగితే ఏడుస్తానని నాకు తెలుసు.

అందరూ దిగి వెళ్ళాక ఆయన పడవ అంచు మీద కూలబడ్డాడు.

"ఎన్నాళ్ళ బట్టి?" అన్నాను.

"రెండేళ్ళయి మసక. ఇప్పుడు మజ్జిన కూసింత నీడలాగ తప్పితే ఏటీ కనబడదు. ఒకనాడు కర్రల మీదకి పోతంటే కుమారి కేకేసినాది. దానికి తెలిసిపోనాది. అదే బలవంతాన ఆస్పత్రికి తీసుకెళ్ళినాది. నీటికాసులంట. పోయిన సూపు మరి రాదంట."

"నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే నన్ను గెడ పట్టనిస్తావేటి?"

"పట్టనివ్వను."

"అందుకే సెప్పనేదు."

దాన్ని ఉంచుకున్నాడన్నా నేనింత నొచ్చుకునేదాన్ని కాదేమో. పక్కలో పడుకునే మనిషి కళ్ళు పోతుంటే నాకు తెలియలేదు, పడవలో ముందు కూర్చున్నదానికి తెలిసింది. రెండు నెలలు రెప్పెయ్యకుండా ఆయన్ని కాపు కాసినదాన్ని, ఆ కళ్ళలోకి ఒక్కసారి సరిగ్గా చూడలేదు. ఆయన మీద కోపం వచ్చింది, నామీద అసహ్యం వేసింది.

తిరుగు పడవకి కూడా అలాగే తిట్టుకుంటూ తీసుకొచ్చాను. దిబ్బలపేట రేవులో దిగాక ఆయన నవ్వాడు. "నీ నోరుంటే సాలే. ఇంకో రెండేళ్ళు లాగీగలను" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది.

మొదట కుమారి ఇంటికి వెళ్ళాను, తప్పయిపోయిందని చెప్పడానికి. ఇంటి ముందు కూర్చుని ఉంది, చేతిలో ఫోను. కళ్ళు వాచి ఉన్నాయి. మరిడమ్మ ఎదరొడ్డున కాలు పెడుతూనే గోవింద్‌కి ఫోను చేసి అంతా ఊదేసిందట. నేనన్న మాటలన్నీ, అనని మాటలు ఇంకో నాలుగు.

"నానొచ్చీసరికి ఇంట్లో ఉండకన్నాడు" అంది కుమారి. "మరి ఫోనెత్తడం నేదు."

"రేవులో ఒక్కమాట సెప్పీలేకపోనావేటే? మీ బావకి కళ్ళు కనబడవని సెప్తే నా నోరు పడిపోయేది కదా."

"సెప్పనని బావకి మాటిచ్చినాను. నువ్వూ సెప్పకప్పా. ఆ పడవ ఆగిపోతే నా సేపలెలాగ దాటుతాయి? మీ పొయ్యిలో ఏటి ఉడుకుతాది? గోవిందు కోపం సల్లారితే నానే సెప్పుకుంటాను."

ఇంత బరువు ఇది ఎందుకు మోస్తోంది? ఆ క్షణంలో కూడా నాలో ఆ పాడు అనుమానం తల ఎత్తింది. దాని మొహం చూశాను. మొగుడు పొమ్మన్న ఆడదాని మొహం, అంతే. తలదించుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. "దాని కాపురం నిలబడాలంటే నీ సంగతి సెప్పాల. పడవ నిండా పిల్లలు కూడాను. ఇయ్యాల మొలలోతు కాబట్టి సరిపోనాది. రేపు నానే సెప్పీస్తాను."

"ఒక్క ఏడాది ఆగు" అన్నాడు.

"ఆగను."

ఆయన ఆ పూట అన్నం తినలేదు.

పొద్దున ఏడింటికి పడవ నిండింది. కుమారి రాలేదు. నేను ఎక్కలేదు. నీళ్ళలోనే నిలబడి పడవ అంచు పట్టుకున్నాను.

"నిన్న నాను కుమారిని అన్న మాటల్లో ఒక్కటీ నిజం కాదు" అన్నాను. "మా ఆయనకి కళ్ళు కనబడవు. ఆ గుంట ముందు కూకుని బేసిన్ మీద కొట్టి దారి సెప్తన్నాది. ఒక దెబ్బంటే కుడి, రెండంటే ఎడం. శ్రీకాకుళం తీసుకెళ్ళింది కళ్ళాస్పత్రికి. నిన్న పడవ తిన్నె ఎక్కింది అందుకే."

మరిడమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది.

"మరిడమ్మా, నిన్న ఏ ఫోనుతో గోవిందుకి సెప్పినావో, ఆ ఫోనుతోనే ఇప్పుడు ఇది సెప్పు. నేరం నాదని సెప్పు. అందరూ ఇనీనాగ సెప్పు."

మరిడమ్మ ఫోను తీసింది. దాని ఫోనైతే గోవింద్ ఎత్తాడు. అందరూ వినేలాగే చెప్పింది. చెప్పడమయ్యాక గిరిబాబు మాస్టారు లేచాడు. "ఏటీ అనుకోకు కూర్మయ్య మావా, పిల్లలున్నారు" అని, ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని దింపాడు. ఆ వెనక తక్కిన పిల్లలు. ఆ వెనక పెద్దలు. ఒక్కొక్కరు దిగుతుంటే పడవ కొంచెం కొంచెం పైకి తేలుతోంది. ఆయన గెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు, తల కొద్దిగా వంచి. మరిడమ్మ అందరికన్నా ఆఖర్న దిగింది.

అప్పటికి కుమారి వచ్చి ఒడ్డున నిలబడింది, ఎవరో పిలిచినట్టున్నారు. నావైపు చూసి, "ఎందుకప్పా, నాను మోసీదాన్ని కదా" అంది. దాని మొహంలో సంతోషం లేదు. ఒక్క క్షణం నన్ను తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండును అనిపించింది.

"అందరూ దిగిపోనారేటి?" అన్నాడు ఆయన.

"దిగిపోనారు."

"కుమారి వచ్చినాదా?"

"ఒడ్డునున్నాది."

"ఏడుస్తన్నాదేటి?"

"ఏడుస్తన్నాది."

గెడ పడవలో పడుకోబెట్టాడు, చప్పుడు కాకుండా. నా గొంతు వచ్చిన వైపుకి మొహం తిప్పాడు.

"నువ్వు?"

నా చెంపల మీంచి కన్నీళ్ళు కారి రవికె తడిసిపోతోంది.

"నాను ఏడవటం నేదు" అన్నాను.

ఆయన నమ్మాడు.