పెట్రోలు మూతకు కట్టిన కవరు

ఎల్లాజీ చేపల పెట్టెను బండి వెనక తాడుతో బిగిస్తుంటే, అసిరమ్మ ఎప్పటిలాగే పెట్రోలు మూతకు పాలిథిన్ కవరు చుట్టి, సైకిలు ట్యూబు ముక్కతో ముడేసింది. కిందటి వానల్లో ట్యాంకులోకి నీళ్లు దిగి బండి మూలపడినప్పటి నుంచీ అది ఆవిడ పనే. ఇవాళ ముడేసి, గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయింది.

"ఏటే, మళ్లీ గుండెల్లో బరువా?"

"రేత్రి నుంచీ ఉన్నాది. సేపలమ్మేసి బేగి వచ్చీ మావా. ఇజీనారం ఆసుపత్రికెల్దాం."

"ఇప్పుడే ఎల్దారి."

"సేపలు కుళ్లిపోతాయి. ఎల్లు."

వెళ్లాడు. ఉప్పుగాలికి మాడిన పొట్టి మనిషి. జెల్లచేప ముల్లు దిగి ఊడిన బొటనవేలి గోరు మళ్లీ సరిగ్గా మొలవలేదు. పెళ్లిళ్లలో చివరి బంతిలో, చొక్కా నీచువాసన ఎవరికీ తగలకుండా ఓ మూల కూర్చుంటాడు. తన పెళ్లికి ముందు నుంచీ చేపలమ్మే ఊళ్లు అవే, కొట్టే హారనూ అదే.

ఇక ఆ బండి! పొద్దున చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా పోతుంది. కాస్త వేడెక్కిందా, లాగడం మానేసి, గుక్కలుపట్టి, నడిరోడ్డు మీద ఆగిపోతుంది. కాసేపు నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ అందుకుంటుంది. ప్లగ్గు మార్పించాడు, కార్బురేటరు కడిగించాడు. మెకానిక్కు దగ్గర నిక్షేపంగా తిరిగేది, ఎల్లాజీ దగ్గరే దాని వేషాలన్నీ.

"ఏటి ఎల్లాజీ, ఇయ్యాల బేరమాడకుండా ఇచ్చేస్తన్నావు?" అంది చివరి ఊళ్లో ఎప్పుడూ చేపలు కొనే రాజకుమారి.

"ఇంటిదానికి ఒంట్లో బాగోలేదమ్మా."

తిరుగుదారిలో బండి ఆగింది. ఇంజను మీద నీళ్లు పోశాడు, వేడి తగ్గాక కదిలింది. కొంత దూరం పోయి మళ్లీ ఆగింది. ఇంటికి ఫోను చేశాడు.

"తగ్గినట్టే ఉన్నాది. కంగారుపడి రాకు," అంది అసిరమ్మ. గొంతు సన్నగా ఉంది.

భోగాపురం దగ్గర పడ్డాక మరోసారి ఆగిపోయింది. చెట్టన్నది లేదు. పెట్రోలే అయిపోయిందేమోనని, ముడి విప్పే ఓపిక లేక కవరును ముడితోనే లాగేసి జేబులో కుక్కుకున్నాడు. మూత తిప్పగానే ట్యాంకు సర్రుమని గాలి పీల్చుకుంది. పెట్రోలు సగానికి పైగానే ఉంది. మూత పెట్టి ఒక్క కిక్కు కొడితే అందుకుంది.

ఆ తర్వాత ఆగనే లేదు.

అప్పుడు తెలిసింది. మూతకున్న కంతలోంచి గాలి లోపలికి పోతేనే పెట్రోలు కిందికి దిగుతుంది. కవరు ఆ కంతను మూసేసింది, బండి నిలబెట్టినప్పుడు మాత్రం కొద్దికొద్దిగా గాలి దూరేది. మెకానిక్కు ముందుగా కవరు పీకి పక్కన పడేసేవాడు, ఇంటికొచ్చాక ఈవిడ మళ్లీ కట్టేది. దీని జాగ్రత్త మండిపోనూ అనుకుని ఎల్లాజీ ఒక్కడే నవ్వుకున్నాడు. ఆసుపత్రికి పోతూ దారి పొడుగునా ఏడిపించాలనుకున్నాడు.

వాకిట్లో నలుగురు నిలబడి ఉన్నారు. ఆసుపత్రికని మంచి చీర కట్టుకుని, తల దువ్వుకుని, గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉంది అసిరమ్మ. పక్కింటి తులసి ఆవిడ చెయ్యి పట్టుకుని ఉంది.

"ఇప్పుడే పోయినాది అన్నా. ఆటోకి కబురెడతానంటే వద్దంది. నీ బండి సప్పుడయితే సెప్పమంది."

ఎల్లాజీ ఆవిడ పక్కనే కూలబడ్డాడు. ఏడుపు రాలేదు. బండి ఎందుకు ఆగిందో ఈ జన్మలో ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు.

ఎవరో బండిని పక్కకు తోశారు. అతని జేబులోంచి జారిన కవరు గడప దగ్గర పడి ఉంది, పొద్దున అసిరమ్మ వేసిన ముడి వేసినట్టే ఉంది.