దూది మనిషి

మా కల్లంలో మిరపకాయలు ఏరే ఆడవాళ్ళు మధ్యాహ్నం దాటితే నడుం పట్టేసిందని లేస్తారు. వాళ్ళను లేవకుండా కూర్చోబెట్టడం నా పని. ఎలాగంటారా, కబుర్లు చెప్పి. అయిదో తరగతితో బడి మానేసిన దగ్గర్నుంచి చెబుతూనే ఉన్నాను. ఒక్క నిజం చెప్పిన పాపాన పోలేదు.

మొన్న మార్చిలో దూది మనిషిని పుట్టించాను. పత్తి తీతలయ్యాక చేలో మిగిలిన దూదంతా ఒక చోట చేరి మనిషవుతుందన్నాను. అరికాళ్ళు కూడా దూదే గనక అడుగుల చప్పుడు ఉండదట, పిల్లల గొంతు వినపడిన ఇంటికల్లా వెళ్ళి వాళ్ళను ఎత్తుకుపోతాడట. ఓసారి నన్నే ఎత్తుకుపోయి, నా చుట్టకంపు భరించలేక మార్టూరు దగ్గర రాళ్ళగుట్ట మీద పారేశాడని కూడా చెప్పాను. ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. నా మనవరాలు ధనశ్రీ అదంతా ఫోన్లో తీసి రీల్ పెట్టింది.

మూడు రోజుల్లో మూడు లక్షల మంది చూశారంది. నేను మీసం దువ్వుకున్నాను. ఆ తర్వాత ఎవరో చుట్టకంపు సంగతీ నవ్వులూ కోసేసి, భయపెట్టే సంగీతం వేసి, చీకట్లో తెల్లగా కదిలేదేదో అతికించారు. మా ఊళ్ళోనూ చూశామని ఇంకెవరో రాశారు. మిరప ఘాటున్న చోటికి వాడు రాడని ఒకడు ఉపాయం కూడా చెప్పాడు.

అవన్నీ సిద్దికా ఫోన్లోకి చేరాయి. ఏరేవాళ్ళలో చిన్నది సిద్దికా. మొగుడు నజీర్ పత్తి లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. నాలుగేళ్ళ కూతురు మెహర్‌తో ఇంట్లో ఒక్కతే ఉంటుంది. పనికొచ్చేటప్పుడు పిల్లనూ కల్లానికి తెచ్చుకుంటుంది. నేను ఆ కథ చెప్పిన రోజు అందరికంటే ఎక్కువ నవ్వింది ఆ అమ్మాయే. కానీ ఒకటి చూస్తే అలాంటివే పది చూపిస్తుందట ఫోను. తప్పిపోయిన పిల్లలు, రోడ్ల మీద ఏడ్చే తల్లులు. సిద్దికా ఫోన్ని కాయల కుప్పకు ఆనించి, చూస్తూనే ఏరేది. నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి. ఎర్రటి మంచి కాయను తాలులో పడేసేది, తెల్లబారిన తాలుకాయను మంచివాటిలో వేసేది. నేను ఊరుకోవచ్చుగా. దూది మనిషి నీకు మేనమామ వరసే అమ్మాయ్, చుట్టపుచూపుగా వచ్చి పోతాడులే అని ఆటపట్టించాను. నవ్వలేదు.

ఒక మిట్టమధ్యాహ్నం తల్లీ పిల్లా ఇద్దరూ కనపడలేదు. కల్లం చివర రేకుల గదిలోంచి దగ్గు వినపడింది. తొక్కి కుట్టిన మిరప బస్తాలు ఆ గదిలో కప్పుదాకా ఉన్నాయి. కిటికీ లేదు. మూతికి తువ్వాలు కట్టుకున్న మగాళ్ళే అందులో రెండు నిమిషాలు నిలబడలేరు. లోపల గడియ పెట్టి ఉంది. పసిపిల్ల దగ్గు, మధ్యమధ్య ఊపిరి అందక ఈల వేసినట్టు శబ్దం.

“తలుపు తియ్యమ్మా. పిల్లకి ఊపిరాడదు.”

“వాడు ఇక్కడికి రాలేడు తాతా. ఘాటుంది.”

“వాడు లేడమ్మా. నేనే పుట్టించాను. అబద్ధమది.”

“మీరొక్కరే లేడంటున్నారు. అంతమంది చూశామంటున్నారు.”

పోయిన నా భార్య మీద ఒట్టేశాను. కళ్ళు పోతాయని ఒట్టేశాను. ధనశ్రీ గునపం కోసం పరిగెత్తింది. లోపల దగ్గు సన్నబడుతోంది. నా జన్మకి మొదటిసారి నిజం చెబుతున్నాను, ఆ గడియ మాత్రం కదలడం లేదు. దగ్గు ఆగింది.

తలుపు సందుకి నోరు ఆనించి, గొంతు బాగా తగ్గించి అన్నాను.

“సిద్దికా, గట్టిగా మాట్లాడకు. వాడు ఘాటుకి అలవాటు పడ్డాడు. ఇప్పుడు తెల్లగా లేడు, ఎర్రగా ఉన్నాడు. బస్తాల్లోనే దూరి కూర్చుంటున్నాడు. నీ వెనక ఏదన్నా కదిలిందేమో చూడు.”

లోపల్నుంచి వచ్చిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. గడియ ఊడింది. పిల్లను గుండెకు అదుముకుని బయటపడింది. మెహర్ మొహం ఉబ్బింది, పెదాలు నీలంగా ఉన్నాయి. మొహం మీద నీళ్ళు కొట్టి, ఆటోలో టౌన్లో ఆసుపత్రికి తీసుకుపోయాం. దారిపొడుగునా నేను ఆ చిన్న డొక్క ఎగరడమే చూస్తూ కూర్చున్నాను. ఆక్సిజన్ పెట్టాక, సాయంత్రానికి పిల్ల కళ్ళు తెరిచి పాలడిగింది. తల్లిని మనసు జబ్బులు చూసే డాక్టరమ్మకు చూపించాం. ఆమె మందులు రాసిచ్చి, కొన్నాళ్ళు ఫోను చేతికివ్వొద్దంది.

నెల దాటింది. ధనశ్రీ మా రీల్ తీసేసింది. నజీర్ ఇంటిపట్టునే ఉంటున్నాడు. సిద్దికా దూది మనిషి మాటే ఎత్తడం లేదు. కానీ మిరప బస్తాల బండి వీధిలో వెళితే పిల్లను లోపలికి లాక్కుని తలుపేసుకుంటోంది. ఆ ఎర్రవాడు ఏ ఫోన్లోనూ లేడు. వాణ్ణి నేనే స్వయంగా ఆ అమ్మాయి చెవిలో పోశాను.

రోజూ పొద్దున్నే వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చుని, వాడు లేడని చెబుతున్నాను. కబుర్లు లేవు, వేళాకోళం లేదు. నిన్న కాఫీ తెచ్చిచ్చి, నెమ్మదిగా అడిగింది.

“లేడని ఆ రోజూ అన్నారు. మళ్ళీ మీరే ఉన్నాడన్నారు. నేను ఏది నమ్మను తాతా?”

గ్లాసు అరుగు మీద పెట్టేశాను. ఆ అమ్మాయి నా మొహంలోకే చూస్తోంది.